వినువారి ధర్మము



ఈ మాసము మేము మీ యెదుట ఉంచగోరు ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చును. ఒక సభలో ఒకరు ఉపన్యసించుచుండగా, వినుచు కూర్చున్నవానికి ధర్మమేమైనను ఉన్నదా? మాటలాడువాడు సత్యమే పలుకవలెనని మనమందరము ఒప్పుకొందుము. అతడు తప్పు చెప్పినయెడల ఆ భారము అతనిదే అందుము. అయితే వినువాని సంగతి యేమి? విని, నమ్మి, ఇంటికి వచ్చి పదిమందికి చెప్పినవాడు నిర్దోషియేనా?

దీనిని విచారించుటకు మేము ఒక ప్రత్యేకమైన సభను తీసికొనుచున్నాము. అది పురావస్తు పరిశోధక మండలులు జరుపు బహిరంగ సభ. పంట ధరలను గూర్చిన సభలో తప్పు చెప్పినయెడల రైతు లేచి అడ్డుపడును. ఒక కుటుంబమును గూర్చి తప్పు చెప్పినయెడల ఆ యింటివారు వచ్చి నిలదీయుదురు. పురావస్తు సభలోనైతే ప్రస్తావనకు వచ్చు మనుష్యులు ఎన్నడో మంటిలో కలిసిపోయినవారు. తమ్మును గూర్చి అబద్ధము పలికినను, “అది కాదు” అని చెప్పుటకు వారు రాలేరు. కాబట్టి వినువాని ధర్మము ఎంతటిదో ఇక్కడ తేటగా కనబడును.

ఇట్టి మండలులు ఏలాటివో కొందరు ఎరుగకపోవచ్చును. ఇంగ్లండులో అనేక జిల్లాలకు ఇవి గలవు. ససెక్సు జిల్లాలో 1846లోను, కెంటు జిల్లాలో 1857లోను స్థాపింపబడినవి నేటికిని పనిచేయుచున్నవి. వాటిలో పండితులు మాత్రమే గాక వర్తకులు, వకీళ్ళు, వైద్యులు, బడిపంతుళ్ళు, పాదిరులు చేరిరి. ఆ కాలపు పాదిరులలో విలియం గ్రీన్‌వెల్ అను డర్హము పట్టణస్థుడు పూర్వపు సమాధి దిబ్బలను అనేకము త్రవ్వి, తాను చూచినదానిని 1877లో గ్రంథముగా ప్రకటించెను. మన ఆంధ్రదేశమందును 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడెను. శాసనములను, నాణెములను గూర్చిన వ్యాసములు 1926 నుండి దాని పత్రికలో వెలువడినవి.

సభ జరుగు విధమేమనగా, దినమును స్థలమును ముందుగా అందరికి తెలియజేయుదురు. సాయంకాలమున బడిలోనో గ్రంథాలయములోనో కూడుకొందురు. అధ్యక్షుడు అతిథిని పరిచయము చేయును. అతిథి తాను త్రవ్విన చోటిని గూర్చి చెప్పి, తెరమీద బొమ్మలు చూపును. వీలైనయెడల కుండపెంకులను, పూసలను బల్లమీద పెట్టి చూపును. పిమ్మట ప్రశ్నల వేళ. తుదకు వందన సమర్పణ. ఈ క్రమమంతటిలో ప్రశ్నల వేళయే మిక్కిలి విలువైనదని మా తలంపు. ఎంతటి పండితుడైనను ఆ వేళ సామాన్యుని ప్రశ్నకు జవాబు చెప్పవలసి యుండును. “ఇది నీకెట్లు తెలిసినది?” అని అడుగుటకు పొలము దున్నువానికి కూడ హక్కు గలదు. ఆ హక్కును వాడుకొనకుండ చప్పట్లు కొట్టి లేచిపోవువాడు సభకు సగమే వచ్చినవాడు.

అట్టి సభలలో మిక్కిలి పేరు పొందినది లండను నగరములో 1872వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన జరిగెను. బైబిలు దేశముల పురాతన సంగతులను శోధించుటకు 1870లో స్థాపింపబడిన ఒక మండలి ఆ సభను కూర్చెను. ఆనాటి ప్రధానమంత్రి గ్లాడ్‌స్టను దొర కూడ వచ్చి కూర్చుండెను. ఉపన్యాసకుడు జార్జి స్మిత్తు. ఇతడు గొప్ప యింటివాడు కాడు. 14 యేండ్ల వయస్సున బడి మానిపించి, నోట్లు అచ్చువేయుటకు దిమ్మలు చెక్కు పనిలో ఇతనిని పెట్టిరి. మధ్యాహ్న భోజనపు విరామములో బ్రిటిష్ మ్యూజియమునకు నడిచి వెళ్లి, అక్కడి మట్టిపలకలమీద మేకుల వలె కనబడు లిపిని చదువ నేర్చుకొనెను. ఆ పలకలు నీనెవె పట్టణపు శిథిలములనుండి వచ్చినవి. అష్షూరు రాజైన అషూర్బనిపాలు గ్రంథాలయమునుండి, మోసూలు పట్టణపు క్రైస్తవుడైన హోర్ముజ్ద్ రస్సాము 1853లోను ఆ తరువాతను అనేక పలకలను వెలికి తీసెను.

ఆ పలకలలో ఒకదానిమీద స్మిత్తు ఒక జలప్రళయ వృత్తాంతమును చదివెను. ఓడ కొండమీద నిలిచెననియు, పావురమును బయటికి విడిచిరనియు అందులో ఉండెను. ఆ సంగతిని అతడు సభలో చదివి వినిపించగా దేశమంతట కలవరము పుట్టెను. కొందరు, “నోవహు చరిత్ర నిజమని ఋజువాయెను, ఇక అవిశ్వాసుల నోరు మూతపడును” అని సంతోషించిరి. మరికొందరు, “ఆదికాండము బబులోనువారియొద్ద అరువు తెచ్చుకొన్నదని ఋజువాయెను” అని సంతోషించిరి. చూడుడి, విన్న ఉపన్యాసము ఒక్కటే. ఎవరు ఏమి మనస్సున పెట్టుకొని వచ్చిరో దానినే ఇంటికి మోసికొనిపోయిరి. ఆ పలక రెండు వృత్తాంతములకు పోలిక యున్నదని చూపెను. అంతకు మించినది ఎంతో విచారించి చెప్పవలసినది. అయితే విచారించుటకు ఓపిక కావలెను, జయధ్వని చేయుటకు ఓపిక అక్కరలేదు.

ఆ మీదట ఒక వార్తాపత్రికవారు వెయ్యి గినీల సొమ్ము ఇచ్చి, ఆ కథలో లోపించిన భాగమును వెదకుటకై స్మిత్తును 1873లో నీనెవెకు పంపిరి. అతడు కొద్ది దినములలోనే ప్రళయమును గూర్చిన ఒక తునకను కనుగొని, వెదకినది దొరకెనని తెలియజేసెను. ఆ తునక అదే సంగతిని చెప్పు వేరొక పలకకు చెందినదని తరువాతి పండితులు తేల్చిరి. అతడు మోసగాడు కాడు. అతని శ్రమవలన లోకమునకు మేలే కలిగెను. 1876లో అలెప్పో పట్టణము చెంత జబ్బుపడి, 36 యేండ్ల వయస్సుననే అతడు కన్నుమూసెను. అయినను యథార్థవంతుడు సైతము తాను వెదకుచున్నదానినే చూచునని దీనివలన నేర్చుకొందము. చూచువానికే ఇట్లయినయెడల, వినువాడు మరి యెంత జాగ్రత్తగా ఉండవలెను!

ఇప్పుడు మన హృదయమునకు మరింత దగ్గరగా వచ్చెదము. యెరికో గోడల సంగతి పండుగబడి పిల్లలు సైతము ఎరుగుదురు. 1930 మొదలు 1936 వరకు జాను గార్‌స్టాంగు అను పండితుడు ఆ ప్రాచీన యెరికో దిబ్బను త్రవ్వి, కూలిపోయిన గోడలను కనుగొని, అవి క్రీస్తుకు పూర్వము 1400 ప్రాంతమున యెహోషువ దినములలో పడినవని ప్రకటించెను. విశ్వాసులకు ఎంత సంతోషము! ప్రసంగములలోను పుస్తకములలోను ఆ మాట వ్యాపించెను. తరువాత 1952 మొదలు 1958 వరకు కాథ్లీను కెన్యను అను విదుషీమణి అదే దిబ్బను మరల త్రవ్వెను. ఆమె మంటి పొరలను ఒక్కొక్కటిగా విడదీసి, ఏ పొరలో ఏ కుండపెంకు దొరకినదో వ్రాసికొని, గార్‌స్టాంగు చూపిన గోడలు అతడు చెప్పిన కాలమునకు దాదాపు వెయ్యి యేండ్లు ముందటివని తెలియజేసెను. యెరికోను గూర్చిన వాదము నేటికిని పూర్తిగా ఆగలేదు. అయితే గార్‌స్టాంగు చూపిన ఆ గోడలను చూపి, ఇవే యెహోషువ దినములలో పడిన గోడలనుట ఇక న్యాయము కాదు.

ప్రియులారా, ఇక్కడ మన మనస్సాక్షి పరీక్షకు నిలుచుచున్నది. మనకు ధైర్యమిచ్చిన ఋజువు వీగిపోయినదని తెలిసిన తరువాత, “మంచి పనికే గదా” అని దానిని ఇంకను చెప్పవచ్చునా? మా సంఘమువారు ఆ సంగతి ఎరుగరు, ఎవరును అడుగరు, విన్నవారికి విశ్వాసము బలపడును, దీనివలన నష్టమేమి అని మనస్సు వాదించును. అయితే యోబు గ్రంథము 13వ అధ్యాయము 7 మొదలు 10 వచనములవరకు చదివి చూడుడి. యోబు తన స్నేహితులను నిలదీసి, దేవుని పక్షమున వాదించుటకైనను మోసపు మాటలు ఆడుదురా అని అడుగుచున్నాడు. దేవునికి పక్షపాతము చూపువారిని సైతము ఆయన గద్దించునని చెప్పుచున్నాడు. సత్యస్వరూపియగు దేవునికి మన అబద్ధము ఊతకర్ర కానేరదు. గార్‌స్టాంగు పుట్టకమునుపు ఎన్నో తరములవారు యెహోషువ గ్రంథమును చదివి బలపడిరి. ఆయన గోడ పోయినను ఆ గ్రంథము మనయొద్ద ఉన్నది.

ఈ శోధన నేడు మన పల్లెలలో ఇంటింటికి వచ్చినది. చేతిలోని ఫోనులోనికి వార్తలు వచ్చుచుండును. ఎఱ్ఱసముద్రపు అడుగున ఫరో రథచక్రములు దొరకినవని యొకటి, కొండమీద నోవహు ఓడ చెక్కలు బయటపడినవని మరియొకటి. “పదిమందికి పంపుడి” అని క్రింద వ్రాసియుండును. మనమును స్తోత్రమని చెప్పి పంపుదుము. అట్టి రథచక్రమును పరీక్షకు పెట్టి, నిజమని పరిశోధకులచేత ఒప్పించినవారెవరును లేరు. ఓడ సంగతియు అట్టిదే. బహిరంగ సభలో ప్రశ్నలకు నిలువజాలని మాట ఫోనులో ప్రశ్నలు లేకుండ పరుగెత్తుచున్నది. రేపు మన కుమారుడు పట్టణమునకు చదువుకొనబోయి అది నిజము కాదని తెలిసికొనినయెడల, “మా పెద్దలు చెప్పిన తక్కినదంతయు ఇట్టిదేనేమో” అని తలంచును. మనము వేసిన బలహీనమైన ఊతము విరుగునప్పుడు దానిమీద ఆనుకొన్న బిడ్డ పడును. ఆ లెక్క ఎవరు ఒప్పజెప్పవలెను?

దీనికి మారుగా మేలైన మాదిరి యొకటి చెప్పెదము. 2017లో వాషింగ్టను నగరమున బైబిలు మ్యూజియము తెరువబడెను. మృతసముద్ర ప్రాంతపు ప్రాచీన చుట్టలకు చెందినవని కొన్న 16 తునకలు దానియొద్ద ఉండెను. వాటిమీద అనుమానము కలిగినప్పుడు మ్యూజియమువారే వాటిని పరీక్షకు పంపిరి. 5 తునకలు నిజమైనవిగా కనబడుటలేదని 2018లో ప్రకటించిరి. అంతటితో ఆగక తక్కినవాటిని కూడ పరీక్ష చేయించి, 16 తునకలును నకిలీవేనని 2020 మార్చిలో బహిరంగముగా తెలియజేసిరి. సొమ్ము పోయెను, పేరుకు దెబ్బ తగిలెను. అయినను సత్యమును దాచలేదు. కుమ్రానులో దొరకిన నిజమైన చుట్టల విలువ దీనివలన తగ్గలేదు. నకిలీని ఏరివేయుట నిజమైనదానికి చేయు మర్యాదయే గదా.

అయితే మరియొక ప్రక్కను కూడ అపాయము గలదు. “ఈ పండితులు నేడు ఒకటి, రేపు ఒకటి చెప్పుదురు, వారి మాట మనకెందుకు” అని చెవులు మూసికొనువారు గలరు. పండితులు పొరబడుదురన్నది నిజమే. 1912 డిసెంబరులో లండనులో జరిగిన భూగర్భశాస్త్రజ్ఞుల సభలో, ససెక్సు జిల్లాలోని పిల్ట్‌డవును అను చోట దొరకినదని ఒక పుఱ్ఱెను చూపి, అది ఆదిమానవునిదనిరి. గొప్ప గొప్పవారు నమ్మిరి. తమ దేశమందే అట్టి మానవుడు ఉండెననుట వారికి ఇంపుగా ఉండెను. 1953లో పరీక్షించి చూడగా అది మనుష్యుని పుఱ్ఱెకు ఒరాంగుటాను అను కోతి దవడను జతచేసి, పండ్లను అరగదీసి, రంగు పూసిన మోసమని బయటపడెను. 41 యేండ్లు ఆ మోసము నిలిచెను. అయితే దానిని బయటపెట్టినది కూడ పండితులే, పరీక్షయే. చెవులు మూసికొన్నవాడు ఆ మోసమును ఎన్నటికిని పట్టలేకపోయెను. సామెతలు 18వ అధ్యాయము 17వ వచనము న్యాయసభను గూర్చి చెప్పు బుద్ధి ఇక్కడను చెల్లును. మొదట మాటలాడినవాడు న్యాయవంతుడుగా కనబడును, రెండవవాడు వచ్చి పరిశోధించువరకు. కాబట్టి ఉపన్యాసకునికి సాగిలపడవద్దు; అతనిని తృణీకరింపనువద్దు.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. మన తెలుగు పల్లెల పొలిమేరలలో పెద్ద బండలు నిలిపి కట్టిన పాత గోరీలు అక్కడక్కడ గలవు. జనులు వాటిని రాక్షసగుళ్ళందురు. త్రవ్వి చూచినవారికి వాటిలో ఎముకలు, నలుపును ఎరుపును గల కుండలు, ఇనుప పనిముట్లు దొరకినవి. ఇనుపయుగమున మనవంటి మనుష్యులు తమ తల్లిని, తమ బిడ్డను ఏడ్చుచు పాతిపెట్టి, ప్రక్కను ఒక ముంత పెట్టిపోయిన చోట్లవి. వారిని రాక్షసులందుము! అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞ నిర్గమకాండము 20వ అధ్యాయములో గలదు. ఆ ఆజ్ఞ కాపాడు పొరుగువాడు బ్రదికియున్నవాడు మాత్రమేనా? మన పొలమందే నిద్రించుచు, నోరు తెరువలేని ఆ పొరుగువాడు కాడా? చనిపోయినవానికి మనము ఇయ్యగల మర్యాద యొక్కటే, అతనిని గూర్చి నిజము చెప్పుట. తెలియనిచోట మౌనముగా ఉండుట.

బ్రదికియున్న పొరుగువాని మేలు కూడ ఇందులో ఇమిడియున్నది. “మీ ఊరు ఒకప్పుడు మహారాజుల పట్టణము” అని అతిథి చెప్పినయెడల మనకు పొంగు కలుగును. “ఈ నేల మొదట మీ పూర్వులదే, ఆ వీథివారు తరువాత వచ్చినవారు” అని చెప్పినయెడల ఆ పొంగు పగగా మారును. పాత రాయిని చూపి నేటి మనిషిని వెళ్లగొట్టుట అనేక దేశములలో జరిగినది. మన గర్వమునకు మేత వేయు ఉపన్యాసమునే మనము ఎక్కువగా అనుమానింపవలెను. నొప్పించు మాటకు ఒక ప్రశ్న వేసినయెడల, మెప్పించు మాటకు రెండు వేయుట మంచిది.

కొందరు భక్తులు, “ప్రశ్నించుట అవిశ్వాసము గదా” అందురు. బెరయవారిని చూడుడి. పౌలు వంటి బోధకుడు వచ్చి చెప్పినను, ఆ సంగతులు నిజమో కాదో అని వారు ప్రతిదినమును లేఖనములను పరిశోధించిరి. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము దానిని తప్పుగా గాక ఘనతగా వ్రాసియున్నది. వారు ఆసక్తితో విని, ఆసక్తితోనే పరిశోధించిరి. పౌలు కూడ కొరింథీయులకు వ్రాయుచు, లేచిన ప్రభువును చూచిన అయిదువందల మందిలో ఎక్కువమంది ఇంకను బ్రదికియున్నారని గుర్తుచేసెను. వెళ్లి అడిగి తెలిసికొనుడని చెప్పినట్లే గదా! తోమా అడిగినప్పుడు ప్రభువు అతనిని గెంటివేయక తన చేతులను చూపెను. మన విశ్వాసము త్రవ్వకములమీద కట్టబడినది కాదు. కాబట్టి త్రవ్వకములకు భయపడవలసినదియు కాదు. భయము లేనివాడే నెమ్మదిగా వినగలడు.

కాబట్టి మీ తాలూకాలోనో, పట్టణములోనో, కాలేజీలోనో ఇట్టి సభ జరుగునని తెలిసినప్పుడు వెళ్లుడి. మీ పిల్లలను తీసికొని వెళ్లుడి. వినునప్పుడు మనస్సున కొన్ని ప్రశ్నలు పెట్టుకొనుడి. ఈ వస్తువు ఎక్కడ దొరకినది? ఎవరు తీసిరి? ఎంత లోతున, ఏ పొరలో? దాని ప్రక్కను ఏమి ఉండెను? ఇతరులెవరైనను పరీక్షించిరా? ఉపన్యాసకుడు కన్నులార చూచినదేది, ఊహించినదేది? యథార్థవంతుడైన పండితుడు ఈ ప్రశ్నలకు కోపగించుకొనడు. “నాకు తెలియదు” అని చెప్పగలవాని మాటను మరింత ఆదరముతో వినుడి.

మీకు తెలిసినది చెప్పుటకును సిగ్గుపడవద్దు. మన ఊళ్లలో పాటిదిబ్బల మట్టిని బండ్లతో తోలి పొలములకు ఎరువుగా వేయుట పెద్దలు ఎరుగుదురు. ఆ మట్టిలో ఎక్కడ పెద్ద ఇటుకలు వచ్చినవో, ఎక్కడ పూసలు దొరకినవో పలుగు పట్టినవానికి తెలియును, పట్టణపు పండితునికి తెలియదు. నాగార్జునకొండ లోయను 1926లో ఎ. ఆర్. సరస్వతి అను తెలుగు శాసనపరిశోధకుడు గుర్తించి తెలియజేసెను. తరువాత అక్కడ మొదట 1927 నుండి 1931 వరకును, పిమ్మట జలాశయపు నీరు నిండకముందు 1954 నుండి 1960 వరకును గొప్ప త్రవ్వకములు జరిగెను. చూచినవాడు నోరు విప్పి చెప్పుటవలన కలిగిన మేలు అట్టిది. అయితే చూచినదే చెప్పుడి. ఒక పూసను నిధిగా చేసి చెప్పవద్దు.

సభ ముగిసిన తరువాతనే వినువాని అసలైన ధర్మము మొదలగును. అరుగుమీద కూర్చుండి ఆ సంగతిని తిరిగి చెప్పునప్పుడు మనమును సాక్షులమే. “బహుశః” అని పండితుడు చెప్పినదానిని “నిశ్చయముగా” అని మనము చెప్పరాదు. అతడు “కొందరి అభిప్రాయము” అన్నదానిని మనము “ఋజువైనది” అనరాదు. తరువాత అది తప్పని తెలిసినయెడల, ఎవరికి చెప్పితిమో వారియొద్దకే తిరిగివెళ్లి దిద్దవలెను. ఇది చిన్న పనియే గాని, సత్యమునందలి ప్రేమ ఇట్టి చిన్న పనులలోనే తెలియును. సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనుమని అపొస్తలుడు థెస్సలొనీకయులకు ఇచ్చిన బుద్ధి వినువారికే ఇయ్యబడినది.

మన చెవులను మన నాలుకలను ప్రభువు పవిత్రపరచి, బ్రదికియున్నవారిని గూర్చియు నిద్రించినవారిని గూర్చియు నిజమైన సాక్షులుగా మనలను నిలుపును గాక. ఆమేన్.